నల్ల చట్రంలో మా ఆయన

మా ఆయన హరలాంపి సంతాప సభకి ఊరు ఊరంతా వచ్చింది. ఆయన కూడా వచ్చాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా, ఒక పాత ప్రింటరు మోసుకుంటూ. ఆ రోజు జరిగినదానికి తప్పంతా అచ్చుకొట్టు బోజిల్‌దేనని నేనూ, తప్పు ఎవరిదీ కాదని ఆయనా ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. మొదట్నించీ చెబితే తప్ప నా బాధ మీకు అర్థం కాదు, కాబట్టి మొదట్నించే చెబుతాను.

హరలాంపి తండ్రి తేనెటీగలు పెంచేవాడు. కొడుకు తన పని అందుకుంటాడని తేనెటీగల్ని కాపాడే సాధువు పేరే పెట్టాడు. ఈయనేమో తేనెటీగ కనిపిస్తే చాలు, కోటు నెత్తిమీద కప్పుకుని పరుగు లంకించుకునేవాడు. చివరికి లెక్కలు చదివాడు. పాత ప్రభుత్వం రోజుల్లో మా ఊరు సెవ్లియెవోలో కంప్యూటర్ల కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ టైపిస్టు అమ్మాయిలకి కంప్యూటరు నేర్పే ఉద్యోగం దొరికింది. ఆ అమ్మాయిల్లో నేనొకదాన్ని. నాకు కంప్యూటరు రాలేదు గానీ మొగుడొచ్చాడు.

ఆయన మాకు నేర్పిన ప్రోగ్రాం పేరు పిసార్. అంటే రాయసగాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఉత్తరం గానీ, రిపోర్టు గానీ, మా బల్గేరియన్ అక్షరాల్లో కొట్టుకోవాలంటే మా జిల్లాలో అదే దిక్కు. దాన్ని రాసింది మా కేంద్రంలోనే పనిచేసే ఇంజనీరు తెమెనూగా. సన్నగా, కోపంగా, ఎప్పుడూ సిగరెట్టు వాసనతో ఉండేది. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఆ రోజుల్లో అలాంటివన్నీ సంస్థ పేరు మీదే వెళ్ళేవి. పతకం వచ్చినప్పుడు డైరెక్టరు మెడలో పడింది, ఆవిడకి ఒక పూలకుండీ ఇచ్చారు.

తర్వాత ప్రభుత్వం మారింది, కేంద్రం మూతపడింది, మా ఆయన బడిలో లెక్కలు చెప్పుకున్నాడు. పిసార్‌ని అందరూ మర్చిపోయారు, ఒక్క బోజిల్ తప్ప. బోజిల్‌ది చావు కాగితాలు అచ్చేసే కొట్టు. మా ఊళ్ళో మనిషి పోతే ఫోటో, పేరు నల్ల చట్రంలో అచ్చేయించి ఇంటి గుమ్మానికీ, బస్టాపుకీ, చర్చి తలుపుకీ అతికిస్తాం. నలభయ్యో రోజుకి ఇంకొకటి, ఏడాదికి మరొకటి. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చే వాళ్ళకంటే గోడల మీద నుంచి చూసేవాళ్ళే ఎక్కువ. అవన్నీ బోజిల్ ఆ పాత కంప్యూటర్ మీద పిసార్‌తోనే కొట్టేవాడు, ఎందుకంటే అతనికి ఇంకోటి నేర్చుకునే ఓపిక లేదు. అలా మా ఊళ్ళో పిసార్‌కి శవాల ప్రోగ్రాం అన్న పేరు స్థిరపడింది.

మా ఆయనకి పింఛను మొదలైన ఏడాది, ఒక మధ్యాహ్నం సూప్ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు: "యోంకా, నేను పుస్తకం రాస్తున్నా."

"మంచిదే. దేని గురించి?"

"పిసార్ గురించి."

నేను గరిటె కింద పెట్టాను. "ఆ ఆకుపచ్చ అక్షరాల గోల గురించా? అది చచ్చి ఎన్నాళ్ళయింది?"

"చావలేదు. బోజిల్ కొట్లో ఇంకా నడుస్తోంది."

"అదే కదయ్యా నేనంటున్నది, అది నడిచేదే చావుల మీద!"

ఆయన వినలేదు. వినే మనిషైతే నాకిన్ని తెల్లవెంట్రుకలు ఎందుకొస్తాయి? మర్నాటి నుంచీ ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. మూతపడ్డ ఫ్యాక్టరీలు, పాత బడులు, చచ్చిన గుమస్తాల అటకలు, ఎక్కడ పాత కంప్యూటరు ఉందని తెలిస్తే అక్కడికి. పిసార్ ఎక్కించిన ఫ్లాపీ ఉందా అని అడిగితే జనం లోపలికి పిలిచి రకియా, అదే మా పళ్ళ సారా, పోసేవాళ్ళు. ఫ్లాపీ లేకపోతే సిగ్గుపడి ఇంకో గ్లాసు పోసేవాళ్ళు. అలా పరిశోధన చేసి ఇంటికొచ్చేసరికి చేతిలో ఒక జున్నుముక్కో, సంచెడు ఉల్లిపాయలో ఉండేవి. ఒకసారి కుందేలు తెచ్చాడు. ఫ్లాపీ ఏదయ్యా అంటే, వచ్చే వారం వెతికి పెడతామన్నారు అన్నాడు.

దొరికిన యంత్రాలన్నీ మా ఇంటి కింది నేలమాళిగలోకి దిగాయి. అది నా మిరపకాయ పచ్చడి సీసాలు ఉండే చోటు. ప్రతి శరదృతువులో పెరట్లో పొయ్యి పెట్టి మిరపకాయలు కాల్చి, తొక్కలు తీసి, నడుము విరిగేలా కలిపి చేసే పచ్చడి. ఆ సీసాల్ని ఆయన మెట్ల మీద వరసగా పెట్టి, అరల్లో తన టెలివిజన్ మొహం పెట్టెల్ని పేర్చుకున్నాడు. నేను తిట్టాను. "యోంకా, పచ్చడి మళ్ళీ చేసుకోవచ్చు, ఇవి మళ్ళీ చేయలేరు" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకి ఆ ఏడాది పచ్చడి పెట్టలేదు.

అన్నిటికంటే ఘోరం ఫ్లాపీల స్నానం. బూజు పట్టిన ఫ్లాపీల పైతొడుగు కోసి, లోపలి పల్చటి పళ్ళేల్ని సబ్బునీళ్ళలో కడిగి, పెరట్లో బట్టల తీగ మీద నా లోపావడాల మధ్య క్లిప్పులు పెట్టి ఆరేశాడు. కంచె అవతలి నుంచి మా పక్కింటి దేష్కా తొంగి చూసింది.

"వదినా, ఏమిటవి? ఎండుచేపలా?"

"కాదు దేష్కా, మీ అన్నయ్య పుస్తకంలో మూడో అధ్యాయం" అన్నాను.

రాయడం అయ్యాక అచ్చు గోల. సోఫియాలో ఒక ప్రచురణకర్త, ఇందులో హత్య ఏమైనా ఉందా అని అడిగాడట. ఇంకొకడు మరీ మర్యాదగా, మధ్యమధ్యలో వంటలు కలపండి, అమ్ముడుపోతుంది అన్నాడట. నేను పడీపడీ నవ్వుతుంటే ఈయన బుద్ధిగా పెన్ను తీసి, "నీ మిరపకాయ పచ్చడిలో వెల్లుల్లి ముందా తర్వాతా?" అని అడిగాడు. పెన్ను లాక్కుని విసిరేశాను. చివరికి గబ్రోవోలో పెరుగు డబ్బాల లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సువాడు ఒప్పుకున్నాడు.

ఇదంతా పైపై గోల. ఆయన్ని లోపల తినేస్తున్న సంగతి వేరే ఉంది, అది తెమెనూగా.

ఏటా ఫిబ్రవరిలో హరలాంపి సాధువు పండగనాడు చర్చిలో తేనె దీవిస్తారు. ఆ తేనె సీసా పట్టుకుని మా ఆయన ఊరి పైభాగంలో ఉన్న ఆవిడ ఫ్లాటుకి వెళ్ళేవాడు. ఒక ఏడాది, మెట్లమీద మంచు పేరుకుందని, పడతాడేమోనన్న భయంతో నేనూ తోడు వెళ్ళాను. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి ముందు సిగరెట్టు పొగ, తర్వాత ముక్కు బయటికొచ్చాయి.

"మళ్ళీ వచ్చావా మాస్టారూ?"

"తేనె తెచ్చాను ఇంజనీరు గారూ. ఇవాళే దీవించారు."

"ఇలా పెట్టు. వెళ్ళు."

"మొదటి పేజీలో మీ పేరు ఒక్కటి వేయనిస్తే..."

"ఆ శవాల ప్రోగ్రాంకి నా పేరు తగిలించావంటే నిన్ను కోర్టుకీడుస్తాను! మనుషులు ఉత్తరాలు రాసుకుంటారని రాశాను దాన్ని. ప్రేమలేఖలు రాసుకుంటారనుకున్నా, నా పిచ్చి! ఆ చట్రం ఎందుకు గీశానో తెలుసా? పెళ్ళి శుభలేఖల కోసం. మూలల్లో తీగలు కూడా పెట్టాను. మీ బోజిల్ దానికి నల్లరంగు పులిమి ఊరందరి శవాలకీ తగిలించాడు. వీధిలోకి వెళ్తే నా పని గోడగోడకీ నన్ను వెక్కిరిస్తోంది. నా పేరు లేకపోవడమే నాకు మిగిలిన పరువు."

తలుపు మూసుకుంది. తేనె మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. "యోంకా, ఆవిడకి డెబ్బై దాటాయి. నేనూ ఆ దారిలోనే ఉన్నా. మేమిద్దరం పోతే దాన్ని ఎవరు చేశారో చెప్పే మనిషి ఉండడు. చేసినావిడ పేరు లేకుండా అది పుస్తకం ఎలా అవుతుంది?"

"చెప్పకుండా వేసెయ్. ఆవిడ కోర్టుకి వెళ్తే అప్పుడు చూద్దాం."

"వద్దన్న మనిషి పేరు వేస్తానా?" అని నా వైపు బాధగా చూశాడు. ఆ మంచు మెట్ల మీద నుంచి చెయ్యి పట్టి లేపి ఇంటికి తీసుకొచ్చాను.

పుస్తకాలు ఆ సెప్టెంబరులో అట్టపెట్టెల్లో వచ్చాయి, కొంచెం పెరుగు వాసన కొడుతూ. మొదటి పేజీలో ఇలా ఉంది: "ఈ ప్రోగ్రాం రాసిన ఇంజనీరు కోరిక మేరకు వారి పేరు ఇవ్వడం లేదు." ఆయన ఆ పేజీ తెరిచాడు, చదివాడు, మూసేశాడు. జీవితమంతా ఎదురుచూసిన పుస్తకం చేతిలోకి వస్తే మనిషి అలా ఉంటాడా? వారం రోజులు తిండి సరిగా తినలేదు. నాకు ఆ తెమెనూగా మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుపడితే ఆ ముక్కు పట్టుకుని మెలితిప్పేదాన్ని.

సరే, పుస్తకావిష్కరణ శనివారం పఠన మందిరం హాల్లో అనుకున్నాం. గోడలకి కాగితాలు అతికించి ఊరికి చెప్పాలి కదా. పిసార్ మీద పుస్తకానికి ప్రకటన పిసార్‌తోనే కొట్టాలని మా ఆయన పట్టు. పిసార్ నడిచేది బోజిల్ కొట్లోనే. బోజిల్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "బావగారూ, మీరేం కంగారుపడకండి. ఫోటో ఒకటిచ్చి పొండి. కొట్టేది నేనే, అతికించేది నేనే." ఈయన పింఛను కార్డు కోసం తీయించుకున్న ఫోటో ఇచ్చి వచ్చాడు. అందులో ఆయన మొహం అప్పుడే ఎవరో తిట్టినట్టు ఉంటుంది.

బోజిల్‌కి జన్మలో తెలిసినది ఒకటే తీరు. పైన ఫోటో, దాని కింద పెద్ద అక్షరాల్లో పేరు, దాని కింద రోజు, గంట, చోటు. అడుగున చిన్న అక్షరాలు. చుట్టూ బొటనవేలంత మందాన నల్ల చట్రం. "పిసార్ కథ, పుస్తకావిష్కరణ, అందరూ రావాలి" అన్నది అడుగున చిన్న అక్షరాల్లో వేశాడు. మామూలుగా అక్కడ 'దుఃఖంలో మునిగిన కుటుంబ సభ్యులు' అని ఉంటుంది. దారిన పోయేవాడెవడూ అంతవరకూ చదవడు. ఫోటో చూసి, పేరు చూసి, టోపీ తీసి, ఎన్నింటికో చూసుకుని వెళ్ళిపోతాడు. శుక్రవారం సాయంత్రం బోజిల్ వాటిని తనకి అలవాటైన చోట్లన్నిటా అతికించాడు. చర్చి తలుపుకి, బస్టాపుకి, రోసిత్సా నది వంతెన దగ్గరి స్తంభాలకి. అలవాటు కొద్దీ మా ఇంటి గేటుకి కూడా.

శనివారం పొద్దున్నే మా ఆయన, బోజిల్ కొట్లోంచి అడిగి తెచ్చుకున్న కంప్యూటరూ ప్రింటరూ తోపుడుబండి మీద పెట్టుకుని వెనక సందులోంచి హాలుకి వెళ్ళిపోయాడు. నేను వచ్చినవాళ్ళకి పెట్టడానికి, జున్ను పెట్టి కాల్చే బనిత్సా పొరలు పరుస్తున్నాను. అప్పుడొచ్చింది దేష్కా. నెత్తిన నల్ల గుడ్డ, చేతిలో చావులకి పంచే, ఉడికించి చక్కెర చల్లిన గోధుమల గిన్నె. నన్ను పిండి చేతులతో సహా కావలించుకుని భోరుమంది.

"వదినా! నిన్న సాయంత్రమే కదా కంచె దగ్గర నామీద అరిచాడు, నా కోడి మీ టమాటాలు పొడిచిందని! నేనూరుకున్నానా? ముసలి పీనుగా అన్నాను. నా నోరు పడిపోను, నేనన్నదే తగిలింది!"

"ఎవరికే?"

"ఎవరికేమిటి తల్లీ... అయ్యో, ఇది మతి పోయిన మాట. కూర్చో, నీళ్ళు తాగు. మరి ఈ బనిత్సా ఎవరికి చేస్తున్నావు? అంతా నీకు అయోమయంగా ఉంది కదూ?"

చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి లాక్కెళ్ళింది. మా ఆయన నల్ల చట్రంలోంచి నన్ను చూస్తున్నాడు. అబద్ధమెందుకు, నేనూ నమ్మేశాను. గేటు పట్టుకున్నాను. హరలాంపి, నన్నొదిలేసి పోయావా అని పైకే అనేశాను. పొద్దున ఆయనకి కాఫీ ఇచ్చాననీ, చక్కెర తక్కువైందని సణిగాడనీ గుర్తొచ్చేసరికి కొంచెం సేపు పట్టింది. అప్పుడు చిన్న అక్షరాలు చదివాను. చదివి, "బోజిల్!" అని ఎంత గట్టిగా అరిచానంటే దేష్కా కోడి మళ్ళీ మా తోటలోకి దూకింది.

వంటింటి గుడ్డ కట్టుకునే హాలుకి పరిగెత్తాను. కొంప అప్పటికే మునిగిపోయింది. హాలు నిండిపోయి జనం మెట్ల మీద నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ పూలు, సరిసంఖ్యలో. బతికున్నవాళ్ళకి మేం అలా ఇవ్వం. చావు సంగతి తనకెవరూ చెప్పలేదేమని ఫాదర్ గారు అలిగి మరీ వచ్చారు, ధూపం పట్టుకుని. గుమ్మంలో బోజిల్ పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"చూశావా అక్కా! పుస్తకానికి ఇంతమంది ఎక్కడైనా వస్తారా? నా కాగితం మహిమ!"

వాడి గల్లా పట్టుకున్నాను. "ఏం చేశావురా దౌర్భాగ్యుడా?"

"ఎప్పుడూ చేసేదే చేశానక్కా!"

"మా ఆయనేడీ?"

"కింది గదిలో. ప్రింటరుకి తీగ చాల్లేదని వెతుకుతున్నాడు."

నేను జనం మధ్యలోకి దూరి చేతులెత్తి అరిచాను. "వినండి! ఆయన బతికే ఉన్నాడు!"

రొట్టెల కొట్టు ముసలాయన నా భుజం మీద చెయ్యేసి, "ఉంటాడమ్మా, మన గుండెల్లో ఎప్పటికీ ఉంటాడు" అన్నాడు.

"గుండెల్లో కాదయ్యా, కింది గదిలో!"

"ఇంకా పూడ్చలేదా?" అని వెనకెవరో గుసగుసలాడారు. "పాపం, ఇక్కడికే తెచ్చినట్టున్నారు." ఒక ముసలమ్మ నా నోట్లో ఒక చెంచాడు గోధుమలు కుక్కింది. మింగి మళ్ళీ అరుద్దామని వేదిక వైపు తోసుకుంటూ వెళ్తున్నాను. అంతలో జనం రెండుగా చీలి దారిచ్చారు.

తెమెనూగా వస్తోంది. నల్ల కోటు, చేతిలో తెల్ల చామంతులు. ఎవరినీ చూడకుండా తిన్నగా వేదికెక్కి, బల్ల మీద మా ఆయన అమర్చిపెట్టిన పాత కంప్యూటరు పక్కన నిలబడింది. ముక్కు ఎర్రగా ఉంది. అది చలికి కాదు.

"నేను ఏడవడానికి రాలేదు" అంది ఏడుస్తూ. "నా పేరు తెమెనూగా. మీలో చాలామందికి తెలియదు, తెలియనక్కర్లేదని నేనే అనుకున్నాను. పిసార్ రాసింది నేను. ఈ మనిషి ఏటేటా నా గుమ్మంలోకి వచ్చి ఆ ఒక్క మాట అనమని అడిగాడు. ఏటేటా తరిమాను. తేనె మాత్రం తిన్నాను."

నేను నోరు తెరిచాను. బతికే ఉన్నాడమ్మా అని చెప్పడం నా ధర్మం. కానీ మా ఆయన ఇన్నేళ్ళు ఏ మాట కోసం ఆ మెట్లు ఎక్కి దిగాడో ఆ మాట ఊరందరి ముందు వస్తుంటే, ఎలా ఆపమంటారు? తెరిచిన నోరు మూసుకున్నాను. నేను కావాలని నోరు మూసుకోవడం అదే మొదలూ అదే ఆఖరూ అని మా ఆయన అంటుంటాడు.

"అది ఎలా చేశావని నన్ను అడిగినవాడు ఈ భూమ్మీద ఇతనొక్కడే" అంది ఆవిడ. "నా మొగుడు అడగలేదు, పతకం మెడలో వేసుకున్న డైరెక్టరు అడగలేదు. ఇతనడిగాడు. నాకు పొగరు అడ్డొచ్చింది. ఆ పుస్తకంలో నా పేరు వేయండి. నేనే చెబుతున్నాను. ఇతను వినలేకపోవడం నా ఖర్మ."

"ఇంజనీరు గారూ, ఇంకొక్కసారి చెబుతారా? కింద సగమే వినపడింది."

గుమ్మంలో మా ఆయన. చేతుల్లో ప్రింటరు, మెడలో తీగ చుట్ట, నెత్తిన సాలెగూడు, మొహమంతా సున్నం. హాల్లో లేచిన కేకకి కిటికీలు అదిరాయి. దేష్కా గోధుమల గిన్నె వదిలేసి, "కోడిని కోసేస్తానయ్యా, నా జోలికి రాకు!" అని మోకాళ్ళ మీద పడింది. ఫాదర్ గారు ధూపం ఊపడం ఆపలేదు, పాపం, ఏ మంత్రం చదవాలో తోచక.

మా ఆయన ప్రింటరుతో సహా వేదిక దగ్గరికి నడిచొచ్చాడు. తెమెనూగా చామంతుల్ని ఆయన మొహాన కొట్టింది. "బతికే ఉన్నావా! నా చేత పేరు చెప్పించడానికి చచ్చిపోయావా, నాటకాలరాయుడా!"

"నేనెప్పుడు చచ్చానండీ?" అన్నాడు మా ఆయన, నిజంగా ఏమీ తెలియక.

ఆవిడ కోటులోంచి మడత కాగితం తీసి ఆయన ముందు విదిలించింది. ఆయన తన ఫోటో చూసుకుని, చట్రం చూసుకుని, బోజిల్ వైపు చూశాడు. బోజిల్ స్తంభం వెనక్కి జరిగాడు. ఎవరో నవ్వు మొదలుపెట్టారు, హాలంతా అంటుకుంది. అది ఆవిడకి అగ్గిమీద ఆజ్యమైంది.

"నవ్వండి! నా ప్రోగ్రాం మళ్ళీ శవాన్నే పుట్టించింది, అదీ బతికున్నవాడిని! నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా. నా పేరు ఎక్కడా వేయడానికి వీల్లేదు." వేదిక దిగి నడిచింది. మా ఆయన ప్రింటరు పట్టుకునే ఆవిడ వెంట రెండడుగులు వేసి ఆగిపోయాడు. పుస్తకం వచ్చిన రోజు మొదటి పేజీ మూసినప్పుడు ఎలా ఉన్నాడో మళ్ళీ అలాగే అయిపోయాడు. ఇక నాకు ఒళ్ళు మండింది.

"ఆగమ్మా ఇంజనీరూ!" అని దారికి అడ్డంగా నిలబడ్డాను. "శవాలు, శవాలు అని ఎన్నాళ్ళు ఏడుస్తావు? నీ ప్రోగ్రాంతో నేను రిపోర్టులు కొట్టాను, గుట్టలు గుట్టలు. ఒక్కటంటే ఒక్కటి ఎవడైనా చదివాడా? డైరెక్టరు చదివాడా? మా అమ్మ పోయినప్పుడు నువ్వు గీసిన ఆ చట్రంలోనే మా గుమ్మానికి అతికించారు. పొద్దున పాలకి వెళ్తూ చదివేదాన్ని, వస్తూ చదివేదాన్ని. వానకి రంగు కారిపోయినా పీకనివ్వలేదు. ఆ కాగితాన్ని చదివినన్నిసార్లు నేను జన్మలో ఇంకేదీ చదవలేదు. ప్రేమలేఖలు కావాలన్నావుగా? మరి అదేమిటనుకున్నావు?"

వంటింటి గుడ్డతో మొహం తుడుచుకున్నాను. రొట్టెల కొట్టు ముసలాయన తన జేబులోంచి పర్సు తీసి, అందులో నాలుగు మడతల కాగితం విప్పి ఆవిడకి చూపించాడు. అది ఆయన భార్యది. నల్లరంగు మడతల్లో తెల్లబడిపోయింది, మూలల్లో తీగలు మాత్రం కనిపిస్తున్నాయి. తెమెనూగా దాన్ని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూసింది.

తర్వాత వెనక్కి తిరిగి వేదికెక్కి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మాస్టారూ, ఆ ప్రింటరు మోసుకుని ఎంతసేపు నిలబడతావు? తగిలించు."

ఆయన తీగ తగిలించాడు. ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ఆవిడ రెండు వేళ్ళతో మెల్లగా కొట్టింది. ప్రింటరు కీచుకీచుమని అరుస్తూ కాగితం కక్కింది. "పిసార్ రచన: తెమెనూగా బ్రాదిన్స్కా, ఇంజనీరు." చుట్టూ బొటనవేలంత నల్ల చట్రం.

"అక్కా, ఆ చట్రం తీయడం నాకు రాదు" అన్నాడు బోజిల్ స్తంభం వెనక నుంచి.

"నాకొచ్చు" అంది ఆవిడ. ఏవో మీటలు నొక్కబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉండనీ. మాస్టారూ, ఇవే చాలినన్ని కొట్టి, నీ పుస్తకాల మొదటి పేజీలో ఆ దిక్కుమాలిన వాక్యం మీద అతికించు."

"ఇంజనీరు గారూ, జనం మీరు పోయారనుకుంటారేమో!"

"అనుకోనీ. నీకెంతమంది వచ్చారో చూడు. బతికున్నవాడి పుస్తకానికి ఈ ఊళ్ళో ఎవడొచ్చేవాడు?"

హాలంతా నవ్వింది. ఫాదర్ గారు కూడా. ఆ రోజు తెచ్చిన పుస్తకాలన్నీ అమ్ముడయ్యాయి. పూలు తెచ్చినవాళ్ళు ఊరికే పోవడం ఎందుకని కొనుక్కున్నారు. గోధుమలు పుస్తకాల మీద ఒలికాయి, బనిత్సా ఇంట్లో మాడిపోయింది, రకియా మాత్రం ఎక్కడినుంచో వచ్చింది.

తెమెనూగా ఆ గోలలో కలవలేదు. ప్రింటరులోంచి ఒకదాని వెనక ఒకటి వస్తున్న తన పేరుని చూస్తూ కూర్చుంది. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. "నీకు తెలుసా మాస్టారూ" అంది, ఆయన వైపు తిరక్కుండానే. "దీంతో నా పేరు నేను ఇవాళ్టి వరకూ కొట్టుకోలేదు. మొదటిసారి పనిచేస్తోందో లేదో చూడ్డానికి కూడా డైరెక్టరు పేరే కొట్టాను."

పిసార్ మాటెత్తితే గంటలు గంటలు మాట్లాడే మా ఆయన, బయటికొచ్చిన కాగితాన్ని తెంపి, ఇరుపక్కలా ప్రింటరు పట్టు కోసం ఉండే చిల్లుల అంచులు రెండూ జాగ్రత్తగా చింపి, ఆవిడ చేతిలో పెట్టాడు.